పొడి సున్నం

శివమ్మ చెయ్యి ఇంకా నా చేతిమీదే ఉంది. నంద్యాల బస్టాండులో బస్సెక్కేటప్పుడు ఆమె మెట్టు మీద తూలితే పట్టుకున్నాను. అప్పుడు నా చెయ్యి అందుకున్న మనిషి మళ్లీ వదల్లేదు. కిటికీ పక్కన కూర్చుని, ఊచకు తల ఆనించి, బస్సు కదలకముందే నిద్రలోకి జారిపోయింది, అయినా వదల్లేదు. రెండు రోజులుగా కంటి వార్డులో కూతురి మంచం పక్కన నేలమీద కూర్చునే ఉంది పాపం. అరచెయ్యి గరుకుగా, వేడిగా ఉంది. వేడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుంది, రెండూ సమానమయ్యేదాకా పోతూనే ఉంటుంది అని ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. మరి నా చెయ్యి ఎందుకు వేడెక్కడం లేదో. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. దాని మీద నేను సంతకం ఒక్కటి పెట్టి పది గంటలకల్లా ఆళ్లగడ్డలో విద్యాశాఖ ఆఫీసులో ఇవ్వాలి. ఇప్పుడు ఎనిమిదీ ముప్పావు. దారిలో శిరివెళ్ల దగ్గర ఆగినా ఈ బస్సు గంటలో చేరుస్తుంది. గంటంటే ఎంత, ఒక పీరియడ్డు, ఆ పైన పిల్లలు నీళ్లు తాగి వచ్చేంత సేపు.

కండక్టరు వచ్చాడు. నేను ఆధార్ కార్డు చూపించాను. శివమ్మను లేపాలా వద్దా అనుకుంటుండగానే ఆమే లేచి, ఒంటి చేత్తోనే కొంగు ముడి విప్పి, అంచులు నలిగిన కార్డు తీసిచ్చింది.

"యాడికమ్మా?"

"ఆళ్లగడ్డకప్పా. ఆడినుంచి రుద్రవరం ఆటో."

"ఫోటోలో ఉండేది నువ్వేనా, మీ చెల్లెలా?"

"నేనే లేప్పా. ఆ పొద్దు కడుపునిండా తిని పోయింటి, ఈ పొద్దు తిన్లేదు. అంతే తేడా."

ముందు సీటులో ఎవరో నవ్వారు. కండక్టరు ఇద్దరికీ ఆడవాళ్ల ఉచిత ప్రయాణం సున్నా టికెట్లు ఇస్తూ, ఆస్పత్రి నుంచా అన్నాడు. ఆమె ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

"మా పాపకు కంట్లో సున్నం పడిందప్పా. ఇదో, ఈ మేడమే కన్ను నిలబెట్టింది. కొళాయి కింద తల పట్టుకోని అరగంట నీళ్లు పోసింది. ఆ నీళ్లు పోయకుంటే రెండు కండ్లూ పోతాండ్య అని డాక్టరే చెప్పినాడు."

"మంచి పని చేసినావు మేడం," అన్నాడు కండక్టరు. పక్క వరుసలోని ముసలాయన కూడా తల పంకించాడు. నేను టికెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. శివమ్మ నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, మళ్లీ కళ్లు మూసుకుంది.

నీళ్లు పోశాను. నిజమే. నీళ్లు రెండుసార్లు పోశాను. శివమ్మకు రెండోసారి సంగతే తెలుసు.

బస్సు ఊరు దాటింది. వానలు బాగా పడ్డాయి ఈసారి, కాలువ నిండా ఎర్రనీళ్లు, ఎడమ పక్క నల్లమల మీద మబ్బు దిగి ఉంది. అటు వైపే ఎక్కడో ఆ కొండల మొదట్లో వీళ్ల గూడెం. రుద్రవరం నుంచి ఇంకా లోపలికి పోవాలట. అక్కడి నుంచి పద్మావతి రోజూ రెండు ఆటోలు మారి ఆళ్లగడ్డలో మా బడికి వస్తుంది. చెంచుల గూడెంలో పదో తరగతిదాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అని అడ్మిషను రోజు వాళ్ల నాయన సోమన్న చెప్పాడు. గర్వంగా కాదు, మేమేమైనా తప్పు చేస్తున్నామా అని అడిగినట్టు చెప్పాడు. నేను ఏం అన్నానో గుర్తు లేదు. మంచిది అని ఉంటాను. మంచిది అనడానికి పెద్ద శక్తి అక్కర్లేదు. శక్తి. ఈ మాట రోజుకు ఎన్నిసార్లు పలుకుతానో. రసాయన చర్యలు కొన్ని వేడిని బయటికి వదులుతాయి, అవి ఉష్ణమోచకాలు. కొన్ని చుట్టుపక్కల వేడిని లోపలికి తీసుకుంటాయి, అవి ఉష్ణగ్రాహకాలు. మొదటిదానికి ఉదాహరణ, సున్నానికి నీళ్లు కలపడం. పుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు, కుడి పేజీలో దాని పేరు పొడి సున్నం. పొడి అంటే తడి కానిది, నీళ్లు ఇంకా తగలనిది, రాయి బట్టీలో కాలి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉన్నది. నీళ్లు తగిలాక అది తడి సున్నం. మళ్లీ ఎండి పిండిలా రాలినా దాని పేరు తడి సున్నమే. ఈ ఒక్క ముక్క నేను పిల్లలకు ఎప్పుడూ విడమరచి చెప్పలేదు. అవసరం రాలేదు. ఏటా ఆ పాఠం ముందురోజు "రేపు ఎవరైనా పొడి సున్నం తెండి" అంటాను, ఎవరో ఒకరు అంగడిలో గోడలకు కొట్టే సున్నం ప్యాకెట్టు తెస్తారు. చేతికి పొడిగానే ఉంటుంది గానీ పొడి సున్నం కాదు, తయారైన చోటే నీళ్లు తాగి చల్లారిపోయిన సున్నం. దాంట్లో నీళ్లు పోస్తే పాలలాగా కలుస్తుంది, అంతే. గ్లాసు చల్లగానే ఉంటుంది. నేను ఆ గ్లాసు పట్టుకుని బెంచీల మధ్య నడుస్తూ పిల్లల చేతులకు ఆనిస్తాను. వేడిగా ఉందా, ఉంది మేడం. వేడిగా ఉందా, ఉంది మేడం. ఈ బడిలో పన్నెండేళ్లు, ఒక్కరంటే ఒక్కరు లేదనలేదు. పుస్తకంలో వేడెక్కును అని ఉంది, మేడం వేడిగా ఉందా అని అడుగుతోంది, చల్లగా ఉందని చెప్పడానికి ఆ పిల్లలకు తమ చేతులు తప్ప వేరే ఆధారం లేదు.

పోయిన వారం పద్మావతి చెప్పింది. "లేదు మేడం, చల్లగా ఉండాది." తరగతి అంతా నవ్వింది. మళ్లీ చూడు అన్నాను. మళ్లీ చూసింది. వేళ్లు గ్లాసు చుట్టూ మూసి, నిదానంగా, రోగి నాడి చూసే డాక్టరులాగా చూసింది. "చల్లగానే ఉండాది మేడం. మా మామ బేతంచెర్ల కాడ సున్నపు బట్టీలో పన్జేస్తాడు. ఆ సున్నమైతే నీళ్లు పోస్తానే బుడబుడ ఉడుకుతాది. దసరాకు ఇంటికి కొట్టాలని ఒక మూట తెస్తానన్యాడు." నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఎందుకో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుసు. అంతమంది ముందు నా గ్లాసు చల్లగా ఉందని చెప్పినందుకు. "అంత తెలిస్తే నువ్వే తీసుకురా, పొడి సున్నం. పొడి. గుర్తుంచుకో," అన్నాను. గుర్తుంచుకుంది. పొడి అనే మాటను రెండుసార్లు పలికిన మేడం మాట గుర్తుంచుకుని, మామ తెచ్చిన మూటలోంచి గడ్డలు ఏరి, రోట్లో వేసి నూరి, చీర గుడ్డలో జల్లించి, మూత బిగించిన డబ్బాలో పెట్టుకుని రెండు ఆటోలు మారి తెచ్చింది. గడ్డలుగా తెచ్చి ఉంటే నేను చూడగానే పోల్చేదాన్ని. పిండి చేసేసరికి అచ్చం అంగడి ప్యాకెట్టులాగే ఉంది. పిండి చేసేసరికి పదింతలు వేగంగా నీళ్లు తాగింది. రేణువు చిన్నదయ్యేకొద్దీ చర్య వేగం పెరుగును, ఒక మార్కు ప్రశ్న.

ఆ పిల్ల ప్రశ్నలన్నీ ఇంతే, చేతులతో తాకి అడిగేవి. ఇంకోసారి ఉష్ణగ్రాహక చర్యల గురించి చెబుతుంటే లేచి నిలబడింది. "మేడం, యూరియా బకెట్లో కలిపితే నీళ్లు చల్లగా అయితాయి, చెయ్యి జిల్లుమంటాది, అది కూడా అదేనా?" చక్కని ప్రశ్న. కరగడం వేరు, చర్య వేరు, అయినా వేడి లోపలికి పోవడం అనే సంగతి మాత్రం అదే, ఇంతకన్నా మంచి ఉదాహరణ ఆ పుస్తకంలో లేదు. నేను గడియారం చూసి, "అది సిలబస్‌లో లేదు, కూర్చో," అన్నాను. కూర్చుంది. ఈరోజు ఉదయం వార్డులో కూడా అడిగింది. కుడి కంటికి కట్టు, ఎడమ కన్ను ఎర్రగా. ఎడమదానికి ఏం కాదన్నాడు డాక్టరు. కుడి కన్ను నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మింది, చూపు వస్తుంది గానీ ఎంత వస్తుందో వారం ఆగితే తెలుస్తుందన్నాడు. వాళ్లమ్మ ముఖం కడుక్కోవడానికి పోయినప్పుడు ఆ ఎర్రటి కన్ను నావైపు తిప్పి చిన్నగా అడిగింది. "మేడం, మెత్తగా నూరినందుకేనా అట్ల పొంగింది? గడ్డలుగానే తెచ్చింటే పొంగకపోతాండ్యనా?" నేరమంతా రోకలి పట్టిన తన చేతులదే అనుకుంటోంది. "మాట్లాడకూడదు, పడుకో," అని దుప్పటి సర్దాను. ఎన్నేళ్లు పాఠాలు చెప్పినా ఇంతకన్నా అడగాల్సిన ప్రశ్న ఇంకొకరు అడగరు, దానికి నేను దుప్పటి సర్దాను.

శివమ్మ తల ఊచ మీద నుంచి జారి నా భుజం మీదికి వచ్చింది. జుట్టులో ఆస్పత్రి ఫినాయిలు వాసన, దానికింద కట్టెల పొగ వాసన. కదలకుండా కూర్చున్నాను. మంగళవారం మూడో పీరియడ్డు. బెల్లు కొట్టబోతున్నారు. పద్మావతి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది, కళ్లలో వెలుగు, అందరికీ చూపిస్తానన్నట్టు. తెల్లటి మెత్తటి పిండి. ఆ పిండిని చూసి, ఇదీ వేడెక్కదులే, ఇప్పుడు ఈ పిల్ల నోరు మూతపడుతుంది అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను, ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆయన కరుణాకర్‌కు కూడా. "దగ్గరికి రా, నీ సున్నమే కదా, నువ్వే చూడు," అన్నాను. ఆ గొంతులో వెటకారం ఉంది. ఆ పిల్లకు వెటకారం అర్థం కాలేదు, పిలుపు మాత్రమే అర్థమైంది. వంగింది. జడ గ్లాసులో పడకుండా వెనక్కి వేసుకుని మరీ వంగింది. నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి, ముఖం దూరంగా పెట్టాలి, నాకు తెలుసు, నిద్రలో అడిగినా చెబుతాను. మగ్గుతో సగం నీళ్లు ఒక్కసారే కుమ్మరించాను. బెల్లు మోగింది. ఒక క్షణం ఏమీ లేదు. ఆ ఒక్క క్షణం నేను సంతోషించాను. తర్వాత గ్లాసు లోపల ఏదో పగిలినట్టు చిటపటమంది, బుస్సుమని ఆవిరి, తెల్లటి ముద్ద ఎగిరి ఆ పిల్ల ముఖం మీద. రాయి బట్టీలో రాత్రీ పగలూ తాగిన వేడి. ఇన్నేళ్లూ ఉంది ఉంది అని పిల్లలతో చెప్పించిన వేడి. అది నిజంగా వచ్చింది.

"మేడం! మేడం!" అని అరిచింది. అమ్మా అని కాదు. నేను లాక్కుంటూ పోయాను వరండాలో కొళాయి దగ్గరికి. పిల్లలు అన్నం ప్లేట్లు కడుక్కునే కొళాయి. తల వంచి, రెప్పలు వేళ్లతో విప్పి పట్టి, అరగంట. నా చీర మొత్తం తడిసింది. సున్నం పలుకులు ఒక్కొక్కటీ కొంగు చివరతో తీశాను. ఆ అరగంట మాత్రం నేను మంచి టీచర్ని. ఆ అరగంట గురించే ఊరంతా చెప్పుకుంటోంది. హెడ్మాస్టరు దేవరాజు సార్ తన కారులోనే నంద్యాల తీసుకొచ్చాడు, దారి పొడుగునా హారన్ మీద చెయ్యి తీయలేదు. ఆయన చెడ్డవాడు కాదు. సాయంత్రం వార్డు బయట నన్ను పక్కకు పిలిచి, "చూడమ్మా మహాలక్ష్మీ, ఎంక్వైరీ అంటారు. నీకింకా శానా సర్వీసు ఉండాది. పిల్ల ఎట్లాగూ సున్నం ఇంట్లోనించే తెచ్చింది. నువ్వు తెమ్మనలేదు, నువ్వు క్లాసులో లేవు. వాళ్ల నాయనకు నేను అట్లే చెప్పినా. మిగతా పిల్లోళ్లకు నేను చెప్పుకుంటా. గూడెమోళ్లు, వాళ్లేం అడుగుతారు," అన్నాడు. నేను తల ఊపలేదు. ఊపలేదనే అనుకుంటున్నాను. కాదని కూడా అనలేదు.

కాగితం కరుణాకర్ రాశాడు. మా ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు, ఏ వాక్యం ఎక్కడ ఆపాలో బాగా తెలుసు. నిన్న సాయంత్రం భోజనాల బల్ల మీద రాస్తూ రాస్తూ కూర తాలింపు మాడుతోందని వంటింట్లోకి కూడా వెళ్లొచ్చాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. ఒకటే వాక్యం రాశాడు. 'విద్యార్థిని పద్మావతి ఎవరికీ తెలుపకుండా ఇంటి నుండి తీసుకువచ్చిన సున్నమునకు విరామ సమయమున నీరు కలపబడినందున ప్రమాదము సంభవించినది.' చదివి వినిపించి, "దీంట్లో ఒక్క ముక్కన్నా అబద్ధం ఉందా? పిల్ల తెచ్చింది. బెల్లు అయింది. నీళ్లు కలిసినాయి. నువ్వెందుకు అట్ల చూస్తాండావు," అన్నాడు. ఎవరికీ తెలుపకుండా అన్నది అబద్ధం కదా అన్నాను. "ఆ పొద్దు తెస్తానని ముందే చెప్పిందా? చెప్పలేదు గదా," అన్నాడు. నా మంచి కోసమే. నా కోసం ఏమైనా చేసే మనిషి. కానీ ఆ వాక్యంలో సున్నం తెచ్చినదానికి పేరుంది, నీళ్లు పోసినదానికి పేరు లేదు. నీరు కలపబడినది. ఎవరి చేత? ఇది కరుణాకర్ కనిపెట్టిన భాష కాదు, నాదే. ప్రయోగాల రికార్డులో అలా రాయాలని నేనే నేర్పిస్తాను. బీకరులో సున్నము తీసుకొనబడినది, నీరు కలపబడినది, ఉష్ణము వెలువడినది. ప్రయోగం చేసిన మనిషి కనబడకూడదు, అది శాస్త్రీయం. ఎవరైనా నేను నీళ్లు పోశాను అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తాను. కొట్టేసి, కలపబడినది అని పైన రాస్తాను. ఎన్ని రికార్డులో, ఎంత ఎర్ర సిరానో.

శిరివెళ్ల. బస్సు ఆగింది, ఎక్కేవాళ్ల తోపులాట, అరటిపండ్ల గంప మా కాళ్ల దగ్గర పెట్టి ఒకామె నిలబడింది. శివమ్మ మేలుకుంది. నా భుజం మీద తల ఉన్నదని చూసుకుని, సిగ్గుపడి, కొంగుతో నా భుజం తుడిచింది.

"నూనె అంటింది మేడం, నీ రైకకు."

"పర్వాలేదు. పడుకో, ఇంకా దూరముంది."

"నిద్ర పట్టదు లే. ఇంటికి పోతే పాప నాయనతో ఏం మాట్లాడాల్నో అదే తిరుగుతాంది తలకాయలో." కాసేపు కిటికీలోంచి చూసింది. "పాపను నర్సమ్మకు అప్పజెప్పి వచ్చినా. బట్టలు తీసుకోని మళ్లా వస్తా గానీ మేడం, పాప ఇంగ బడికి రాదు. మా యప్ప వద్దన్యాడు."

నా చెయ్యి ఆమె చేతిలో బిగుసుకుంది. ఆమెకు తెలిసే ఉంటుంది. "కంటికి భయపడా?"

"కన్నంటే బాగైతాది మేడం, అందుక్కాదు. హెడ్డుమాస్టరు సారు చెప్పినాడు గదా, మేడం తెమ్మనలేదు, పాపే దొంగతనంగా తెచ్చి నీళ్లు పోసుకునింది అని. పాపేమో, మేడమే తెమ్మనింది, మేడమే పోసింది అంటాంది. నేను ఒకటి ఇచ్చినా చూడు, నీ ఎదుర్నే గదా. కన్ను నిలబెట్టిన తల్లి మీద చెప్తావా లంజెముండా అని. నువ్వొచ్చి అడ్డం పడకుంటే ఇంగో రెండు పడేవి."

అవును. అడ్డం పడ్డాను. వార్డు గుమ్మం దగ్గర నిలబడి అంతా విని, చెంపదెబ్బ పడడం చూసి, అప్పుడు లోపలికి పరుగెత్తి, "కొట్టొద్దు శివమ్మా, చిన్నపిల్ల," అన్నాను. శివమ్మ కళ్లలో నా మీద ఎంత గౌరవమో అప్పుడు. పద్మావతి నావైపు ఆ ఒక్క కన్నుతో చూసింది. కోపంగా కాదు. చెబుతాను కదా అని ఎదురుచూసినట్టు చూసింది, కాసేపు, తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. సున్నం ఎందుకు పొంగిందని మాత్రమే అడిగింది.

"మా యప్ప తేనెకు పోతాడు మేడం," శివమ్మ చెబుతూనే ఉంది. "కొండ మీదినించి తాడు పట్టుకోని కిందికి దిగుతాడు. పైన మా అన్న తాడు పట్టుకుంటాడు. గట్టిగుందా అని కింద్నుంచి అడిగితే, గట్టిగుంది అని పైనించి చెప్పాల. ఒక్కసారి ఉత్తుత్తగా చెప్తే మనిషి లేడు. ఫోన్లో అదే అన్యాడు, నిన్న. అట్లాంటి ఇంట్లో పుట్టి అబద్ధం నేర్చింది, సదువు దీనికి ఇదే నేర్పిందా, అబద్ధం చెప్పే సదువు మనకొద్దు, మిరప నారు నాటనీకి తోలుకుపో అన్యాడు. అన్నం గూడా తినల్యాదంట. కంటి కోసరం కాదు మేడం. మాట కోసరం."

అరటిపండ్లామె గంప సర్దుకుంటూ, "ఆడపిల్లకు ఎంత సదివినా ఇంతే లేమ్మా," అంది. శివమ్మ ఆమెవైపు చూసి, "నీకెవరు చెప్పమన్యారు, నీ పండ్లు నువ్వు చూసుకో," అంది. ఆ కోపంలో కూడా నా చెయ్యి వదల్లేదు.

రోడ్డు పక్కన రాతి బొమ్మలు చెక్కే పందిళ్లు మొదలయ్యాయి, ఉలి చప్పుడు, తెల్లటి దుమ్ము. ఆళ్లగడ్డ వచ్చేస్తోంది. బంధం తెగినప్పుడు వేడి బయటికి వస్తుందని రాస్తారు పిల్లలు, ప్రతి ఏడూ సగం తరగతి ఇదే తప్పు. కాదురా, తెగాలంటే మనం శక్తి ఇవ్వాలి, బంధం కొత్తగా ఏర్పడేటప్పుడే వేడి వస్తుంది, బోర్డు మీద గీసి ఎన్నిసార్లు చెప్పానో. ఈ గరుకు చెయ్యి ఇంత ధైర్యంగా నన్ను పట్టుకుని ఉంది. ఈ రెండు రోజుల్లో నా ఇంట్లో కూడా ఎవరూ ఇలా పట్టుకోలేదు. ఇది వదిలించుకోవడానికి ఎంత శక్తి కావాలో. తెగకుండా ఉండాలంటే ఊరికే ఉంటే చాలు. నేనేమీ చెప్పక్కర్లేదు, సంతకం కూడా ఆ గీత మీదే, పేరు పొట్టిగా రాస్తే చాలు. శివమ్మ దిగి రుద్రవరం పోతుంది, నేను ఆఫీసుకు పోతాను, సస్పెన్షను ఉండదు, పేపర్లో పేరు రాదు, ఒక అమ్మాయి బడి మానేస్తుంది, ఏటా ఎంతమంది మానేయడం లేదు. ఎక్కడో ఒక కొండ కింద మిరప నారు నాటుతూ ఆ పిల్ల ఎవరికీ చెప్పని ప్రశ్నలు తనకు తానే వేసుకుంటుంది. ఒక కంటితో. యూరియా బకెట్లో చెయ్యి పెట్టి, ఇది ఎందుకు చల్లబడుతోందో అనుకుంటుంది. తను చెప్పిన నిజం ఎందుకు నిజం కాలేదో కూడా అనుకుంటుంది. వేడిగా ఉందా, ఉంది మేడం. ఆమె ఒక్కతే చల్లగా ఉందని చెప్పింది.

"శివమ్మా," అన్నాను. "సున్నం నేనే తెమ్మన్నాను."

"ఏందీ?"

"పద్మ చెప్పిందే నిజం. నేను తెమ్మన్నాను, అందరి ముందూ. పొడి సున్నం అంటే నీళ్లు తగలని గడ్డ సున్నం. నేనది చెప్పలేదు. పొడి అంటే పిండి అనుకుని నూరి తెచ్చింది, అందులో పాప తప్పు లేదు. దగ్గరికి వచ్చి చూడమంది నేను. నీళ్లు పోసింది నేను. ఒక్కసారే పోశాను. అలా పోయకూడదని నాకు తెలుసు."

బస్సు ఊళ్లోకి వచ్చింది. హారన్లు, ఎవరో దిగుతాం దిగుతాం అని అరుస్తున్నారు. శివమ్మ చెయ్యి నా చేతిమీద నుంచి ఎప్పుడు పోయిందో తెలియలేదు, చూస్తే ఆమె ఒళ్లో ఉంది, రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఉంది. కొట్టిన చెయ్యి. ఆమె దానివైపే చూస్తోంది.

"అప్పుడన్నా చెప్పకపోతివే," అంది. అరవలేదు. "గుమ్మం కాడనే ఉంటివి."

"ఉన్నాను."

"నేను కొడ్తాంటే చూస్తివి."

"చూశాను."

ఆమె తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. బస్టాండులో బస్సు ఆగింది. దిగేవాళ్లంతా దిగారు, అరటిపండ్లామె కూడా దిగి వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయింది. శివమ్మ మెట్లు దిగేటప్పుడు నేను చెయ్యి చాపలేదు. కిందికి వచ్చాక నావైపు తిరిగి నిలబడింది, మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూసింది.

"ఈ మాట నాకు గాదు మేడం. ఆయప్పకు చెప్పాల. నేను చెప్తే నమ్మడు, కూతుర్ని ఎనకేసుకొస్తాండావు అంటాడు. నువ్వే చెప్పాల. నీ నోటితో."

"పది గంటలకు ఆఫీసులో..."

"అది నీ యిష్టం."

ఆమె గేటు వైపు నడిచింది. రోడ్డు అవతల రుద్రవరం ఆటోలు వరసగా ఉన్నాయి. బ్యాగులో ఫోను మోగింది. దేవరాజు సార్.

"యాడున్నావమ్మా? ఆఫీసరు గారు వచ్చేసినారు. కాగితం తెచ్చినావా?"

"ఆ కాగితం ఇవ్వడం లేదు సార్. మధ్యాహ్నం వచ్చి వేరేది రాసిస్తాను."

"వేరేదంటే? ఏం రాస్తావు?"

"నీళ్లు నేను పోశానని రాస్తాను."

అటుపక్క ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినబడింది. తర్వాత ఆయన గొంతు తగ్గించి, "కరుణాకర్‌తో మాట్లాడినావా?" అన్నాడు. లేదన్నాను. "మాట్లాడమ్మా. తొందరపడొద్దు. నువ్వు ఇప్పుడు యాడికి పోతాండావు?"

"సోమన్న దగ్గరికి," అని ఫోను పెట్టేశాను. ఎదురుగా లారీ ఒకటి నాపరాళ్లతో పోతుంటే ఆగి, దాటాను.

ఆటో దాదాపు నిండి ఉంది. శివమ్మ వెనక సీటులో మధ్యలో కూర్చుని ముందుకే చూస్తోంది, ముఖం రాయిలా ఉంది. పక్కన ఖాళీలో తన గుడ్డసంచి పెట్టుకుంది. డ్రైవరు, "ఇంగొకరు, ఇంగొకరు, రుద్రవరం," అని అరుస్తున్నాడు. నేను ఆటో పక్కన నిలబడ్డాను. ఎక్కమని ఆమె అనలేదు. వద్దని కూడా అనలేదు. డ్రైవరు నావైపు, ఆమెవైపు చూసి, "వస్తాండావా మేడం, రావా?" అన్నాడు.

వస్తున్నాను అన్నాను. శివమ్మ తల తిప్పలేదు. సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.